తియ్యటి నెత్తురు

"గునపాలు తెచ్చినారు గదా, ఇంకా చూస్తారేంది? పగలగొట్టండి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్ మాలకొండయ్య.

పెరటి గుమ్మం దగ్గర పుష్పమ్మ పాపను చంకనేసుకుని నిలబడింది. ఆ గోడలో శవం లేదని ఆమెకు తెలుసు. అయినా మూడు రోజులుగా ఊరంతా ఉందంటుంటే, ఏమో, నిజంగానే ఉందేమోనన్న పాడు ఆలోచన వచ్చిపోతూనే ఉంది. వచ్చినప్పుడల్లా పాప తల నిమురుకుంటూ తనను తానే తిట్టుకుంటోంది.

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే బాలయ్య, ముసలి తల్లి రంగమ్మ పెరటి చివరిదాకా నడవలేకపోతున్నదని, ఇంటికి ఆనించి కొత్త స్నానాలగది కట్టించాడు. పాత గది గోడ నీళ్ళు పీల్చి పక్కనున్న ధాన్యం కొట్టు దాకా బూజు పట్టించింది. ఈసారి గోడలోకి చుక్క దిగకూడదని గోడలు కట్టే బేల్దారి ఓబులయ్యకు పని అప్పగించాడు. ఓబులయ్య పుష్పమ్మ మొగుడు. గానుగాడిన సున్నంలో కరక్కాయలు నానేసిన నీళ్ళు, బెల్లం కలిపి గోడకు మెత్తి కర్రతో కొట్టాడు. అది ఆరినాక మరిగే తారు పూసి, వేడి మీదే ఇసక చల్లాడు. ఆ పైన మళ్ళీ బెల్లం సున్నంతోనే నల్లటి పలకబండలు అతికించాడు. గాలి కొడితే సున్నం బీటలిస్తుందని తలుపు మూసుకుని ఒక్కడే పని చేశాడు.

ఆ మూసిన తలుపే ఇప్పుడతని మెడకు చుట్టుకుంది.

మంగళవారం సాయంత్రం, బాలయ్య పలకల గనికి కాపలా ఉండే కాటమరాజు తన మేకలను ఈ పెరటి వెంట తోలుకుపోతుంటే, అవి తొట్టిలో నానుతున్న బెల్లం నీళ్ళ మీద పడి అడుగంటా తాగేశాయి. ఓబులయ్య కర్ర పుచ్చుకుని బయటికొచ్చి, పదిమంది వింటుండగా, "నిన్నూ నీ మేకల్నీ ఈ గోడలోనే పెట్టి పూడుస్తా!" అని అరిచాడు. తెల్లారేసరికి కాటమరాజు కనబడలేదు. గురువారం పలకబండల సందుల్లోంచి ఎర్రగా, నల్లగా ఏదో కారడం మొదలైంది. గదిలో ముక్కు పగిలే వాసన. శుక్రవారం ఓబులయ్య లాకప్పులో ఉన్నాడు. ఈరోజు, ఆదివారం, మూడు గంటల బండికి బేడీలు వేసి కర్నూలు తీసుకుపోతారు. రెండు రాత్రులు పుష్పమ్మ స్టేషన్ వరండాలోనే కూర్చుంది. నిన్న రాత్రి కురిసిన వానకు చీర కొంగు ఇంకా తడిగానే ఉంది.

"ఆ గునపం కాస్త దించు నాయనా."

ఆ గొంతు వినగానే ఇన్‌స్పెక్టర్ మొహం ముడుచుకుపోయింది.

వీధి గుమ్మంలోంచి గొడుగు దులుపుకుంటూ వస్తున్న సన్నటి మనిషి డిటెక్టివ్ ఏసురత్నం. గుంటూరులో ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేసినవాళ్ళే. తప్పుడు సాక్ష్యం రాయనని ఏసురత్నం ఉద్యోగం వదిలేస్తే, ఆ సాక్ష్యం రాసి మాలకొండయ్య పైకొచ్చాడని ఆనాటి వాళ్ళు చెప్పుకుంటారు. ఏసురత్నం నిన్న పొద్దునే ఇక్కడికొచ్చాడు. పెరట్లో ఒక చుట్టు తిరిగి, పుష్పమ్మను మేకల గురించి రెండు మాటలడిగి, జట్కా ఎక్కి ఎటో పోయాడు. ఆయన పోయినప్పుడు ఆమె ఆశ కూడా ఆ జట్కా వెనకే పోయింది.

"వచ్చినావా దొరా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నిన్న కనబడకుండా పోతివి, గుంటూరు చేరుకున్నావేమో అనుకుంటిని. ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"నేను రమ్మన్నా!" వసారాలో మంచం మీంచి రంగమ్మ గొంతు లేచింది. "నా స్నానాలగదిలో పీనుగుండాదని ఊరంతా అనబట్టె. పీనుగును పక్కన పెట్టుకుని నేనేడ నీళ్ళు పోసుకునేది? నువ్వేమో గోడకేసి చూస్తావు, మీసం తిప్పుతావు, పోతావు!"

"అవ్వా, ఈయన కిరస్తానీ మనిషి. ఇంట్లోకి రానిస్తావా?"

"నీ బూట్లు వంటింటి దాకా వచ్చినాయి గదా నాయనా. వాటికంటే ఆయన పాదాలు శుభ్రంగానే ఉండాయిలే."

కానిస్టేబుళ్ళు నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగారు. పుష్పమ్మకు కూడా నవ్వొచ్చేదే, ఇంకో రోజైతే.

ఏసురత్నం గొడుగు మూలన పెట్టాడు. "అవ్వా, నాలుగు రొట్టెలూ రెండు చెంబుల మజ్జిగా నా జట్కాలోకి పంపిస్తావా? పొద్దుటినుంచీ ఏమీ తినలేదు."

"నాలుగు రొట్టెలా! ఇంత పీలమనిషివి, ఏడ పడతాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ జట్కాకు పరదా ఏంది? లోపలెవరు?"

"నా చుట్టం. ఒంట్లో నలతగా ఉంది. అది సరేగానీ, ఒక సంగతి చెప్పండి. కాటమరాజును గోడలో పూడ్చినారు, సరే. మరి ఆయన మేకల్ని ఎక్కడ పూడ్చినారు?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తడబడ్డాడు. "మేకలా? చుట్టాలెవరో తోలుకుపోయింటారు."

"ఎవరా చుట్టాలు? అడిగినారా?"

"నేను మనిషి ఖూనీ విచారిస్తుండా, మేకల దొంగతనం కాదు!"

"గదిలోకి నేను ముందు పోతాను. ఆ తర్వాత గోడ మీ ఇష్టం."

స్నానాలగది మరీ పెద్దదేమీ కాదు. మూడు గోడలకూ పలకబండలు నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి. ఇంటి వైపు గోడ మీద మాత్రం సందు సందునా ముదురెరుపు చారలు కారి గడ్డకట్టాయి. పుల్లటి కుళ్ళు వాసన. గుమ్మంలో నిలబడ్డ బాలయ్య ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. ఆయన వెనక ఆయన భార్య తమ్ముడు, గని వ్యవహారాలన్నీ చూసుకునే మాల్యాద్రి, తెల్లటి చొక్కా నలగకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చూడవయ్యా," ఇన్‌స్పెక్టర్ లాఠీతో చార చూపించాడు. "గోడ నెత్తురు కక్కుతుంటే ఇంక సాక్ష్యమెందుకు?"

ఏసురత్నం చార దగ్గరికి ముక్కు పెట్టాడు. గోటితో గీరాడు. వేలి కొసకు అంటినదాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. ఆ తర్వాత, అందరూ చూస్తుండగానే, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"అయ్యో, అయ్యో!" బాలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక కానిస్టేబులు బయటికి పరుగెత్తి డోకుకున్నాడు.

"తియ్యగా ఉంది," అన్నాడు ఏసురత్నం తాపీగా. "మొదట తీపి, ఆనక వగరు. మాలకొండయ్యగారూ, మీరు కూడా చూస్తారా?"

"నీకు పిచ్చి!"

"బెల్లం తీపి, కరక్కాయ వగరు. వారం రోజుల నుంచీ ముసురు. తలుపు మూసి ఉంది. గోడ ఆరక, సున్నంలోని బెల్లం నీళ్ళు సందుల్లోంచి బయటికొచ్చి పులిసినాయి. వాసన దానిదే. ఎరుపు బెల్లంది. కరక్కాయ నీళ్ళు బండలకు కొట్టిన ఇనప మేకు తగిలితే నల్లబడతాయని పలక మీద రాసుకునే పిల్లలకు కూడా తెలుసు."

పుష్పమ్మ ఆ గాలిని గట్టిగా పీల్చింది. ఇంట్లో ఎన్నిసార్లు మొగుడి చేతుల నుంచి వచ్చింది ఈ పుల్లటి వాసన! అన్నం కలిపేటప్పుడు, పాపను ఎత్తుకునేటప్పుడు. భయంలో తన ముక్కు కూడా తనది కాకుండా పోయింది.

"అయితే?" ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచాడు. "బెల్లం కారింది కాబట్టి శవం లేనట్టేనా? వాడు పూడుస్తానన్నది పదిమంది విన్నారు. మనిషి లేడు. గోడ తీస్తే ఉన్నదీ లేనిదీ తేలిపోతుంది!"

ఏసురత్నం వినిపించుకోలేదు. గోడకు మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి ఏదో చూస్తున్నాడు. పుష్పమ్మ మెడ చాచింది. చీమలు. ఎర్రచీమలు బండల సందుల వెంట బారులు కట్టి పోతున్నాయి, అడ్డంగా, నిలువుగా, గీత గీసినట్టు. గోడంతా చీమలే. కింద మూలన మాత్రం, నాలుగు బండల దగ్గర, బారు చుట్టు తిరిగి పక్కనుంచి పోతోంది. ఆ నాలుగింటి సందుల్లో ఒక్క చీమ లేదు.

ఆయన ఆ మూల దగ్గర వంగి చూసి, లేచి పెరట్లోకి నడిచాడు. చాకిరేవు బండ వెనక పడి ఉన్న విరిగిన ఇటుకలను కాలితో తిప్పాడు. ఒకటి తీసి చేతిలో పట్టుకున్నాడు. దాని ఒక పక్క నల్లగా తారు, తారుకు అంటిన ఇసక.

"బాలయ్యగారూ, ఆ మూలన ఇంతకుముందు ఏముండేది?"

"దీపం గూడు. ఇది మా ఇంటి పాత గోడే గదా, ఇప్పుడు గూడు అవసరం లేదని ఓబులయ్య ఇటుకలతో పూడ్చేసినాడు."

"పూడ్చి తారు పూసింది మీరు చూసినారా?"

"చూసినా. సోమవారం నా ముందరే పూసినాడు."

"మంగళవారం రాత్రి ఈ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మేమంతా దోర్నాలలో పెళ్ళికి పోయినాము. మా మాల్యాద్రి ఒక్కడే ఉన్నాడు, గని పని వదిలి రాలేక."

ఏసురత్నం మాల్యాద్రి వైపు తిరిగాడు. "రాత్రి చప్పుడేమన్నా విన్నావా తమ్ముడూ?"

"లేదన్నా. తొందరగా పడుకున్నా."

"కాటమరాజు వచ్చినాడా?"

"ఈడికెందుకొస్తాడు?" మాల్యాద్రి నవ్వాడు. "బావా, ఒక మాట. గునపాలు పెడితే బండలన్నీ ముక్కలైపోతాయి. రేపు నేనే గని కూలీల్ని పిలుచుకొచ్చి, మెల్లగా ఒక్కొక్కటే ఊడదీయిస్తా. అంతలోకి ఆ బేల్దారోడు కర్నూలులో నాలుగు తగిలితే తనే ఒప్పుకుంటాడు. తొందరేముంది?"

తొందరేముందట! పుష్పమ్మకు ఆ మనిషి చొక్కా పట్టుకుని ఊపేయాలనిపించింది. నిన్న స్టేషన్ దగ్గర "బాధపడొద్దు చెల్లీ" అని ఓదార్చింది కూడా ఈ నోరే.

"రేపూ లేదు, ఎల్లుండీ లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. పొద్దున గునపం పలకబండ మీద జారి ఒకసారి కానిస్టేబులు కాలి మీదే పడింది. ఆ కోపం ఆయనలో ఇంకా ఉంది. "తారుంటే గునపం దిగదు. నిప్పు పెడితే తారు కరిగి బండలు అవే జారతాయి. ఏయ్ పిల్లా! వంటింట్లోంచి కుంపటి నిండా నిప్పులు తీసుకురాపో!"

పుష్పమ్మ ఏసురత్నం వైపు చూసింది. ఆయన వద్దంటాడనుకుంది.

"ఇన్‌స్పెక్టర్‌గారు చెప్పింది నిజమే," అన్నాడు ఏసురత్నం. "గోడ తీయాల్సిందే. పో, తెచ్చిపెట్టు."

ఆ మాటతో ఆమెకు ఆశ అడుగంటిపోయింది. పాపను రంగమ్మ ఒళ్ళో పెట్టి, వంటింటి వెనకనున్న బూడిద గుంట పక్కనుంచి కుంపటి అందుకుంది. కళ్ళలో నీళ్ళు నిండి ఏమీ కనబడటం లేదు. మొగుడు కట్టిన గోడను కాల్చే నిప్పు తన చేత్తోనే మోయాలా?

"చెల్లీ."

ఉలిక్కిపడి చూస్తే ఏసురత్నం. మజ్జిగ చెంబు కోసం వచ్చినట్టు నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు: "నిప్పు వద్దు. కుంపటి నిండా చల్లటి బూడిద పొయ్యి. ఒక్క కణిక కూడా ఉండగూడదు, చెయ్యి పెట్టి చూసుకో. చేతులకు గుడ్డ చుట్టుకుని, నిప్పు మోస్తున్నట్టే పట్టుకురా. నేను పెట్టమన్న చోట పెట్టు."

"ఎందుకన్నా?"

"నీ పాప ఈ ఇంట్లోనే ఉంది. అందుకు."

ఆయన చెంబు అందుకుని వెళ్ళిపోయాడు. ఆమె బూడిదలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. చల్లగా ఉంది. మళ్ళీ కెలికింది.

కుంపటి ఎత్తుకుని ఆమె స్నానాలగది గుమ్మంలోకి వచ్చేసరికి, అందరూ దారిచ్చారు. ఒక్క మాల్యాద్రి కదల్లేదు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎక్కడ పెట్టమంటారు?" అంది.

"కింద మూలన," అన్నాడు ఏసురత్నం. "ఆ నాలుగు బండలకు ఆనించి. ఆనక విసనకర్ర తీసుకుని బాగా విసురు."

ఆమె ఒక అడుగు వేసింది. ఇంకొకటి. వంగింది.

"వద్దూ!"

మాల్యాద్రి కేక ఆ చిన్న గదిలో బొంగురుగా మోగింది. ఒక్క దూకు దూకి, ఆమె చేతుల్లోంచి కుంపటిని వట్టి చేతులతో లాక్కుని, గుమ్మం దాటి పెరట్లోకి విసిరేశాడు. కుంపటి రెండు ముక్కలైంది. బూడిద మబ్బులా లేచి, ఇన్‌స్పెక్టర్ టోపీ మీదా మీసం మీదా పరుచుకుంది.

వసారాలో పాప తుమ్మింది.

మాల్యాద్రి తన అరచేతుల వైపు చూసుకుంటున్నాడు. తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. బూడిద తప్ప ఏమీ లేదు.

"చేతులు కాలలేదు గదా తమ్ముడూ?" ఏసురత్నం దగ్గరికి వచ్చాడు. "కాలుతాయనుకునే పట్టుకున్నావు. చేతులు కాలడం కంటే పెద్ద భయం ఆ బండల వెనక ఏముంది?"

మాల్యాద్రి చేతులు వెనక దాచుకున్నాడు.

"నీ నోటితో చెబుతావా, నన్నే చెప్పమంటావా? గనిలో రాయి పేల్చే మందు. యుద్ధం వచ్చినప్పటినుంచి పర్మిట్ లేనిదే చిటికెడు దొరకదు. దొంగతనంగా అమ్మితే పదింతలు. మంగళవారం ఇంట్లో ఎవరూ లేరు. ఓబులయ్య పూడ్చిన గూడు తవ్వి, ఇటుకలు తీసి పెరట్లో పారేసి, గూట్లో డబ్బాలు పెట్టి బండలు మళ్ళీ అతికించినావు. స్నానాలగది గోడలో మందుంటుందని ఎవరికి తడుతుంది? అంతా బాగానే చేసినావు. అయితే తొట్టిలో బెల్లం నీళ్ళు మేకలు తాగేసినాయి. నీకు మిగిలింది వట్టి సున్నం. మనుషులకు తెలియకపోయినా చీమలకు తెలిసిపోయింది."

"అబద్ధం!" అన్నాడు మాల్యాద్రి. కానీ ఆ మాట గట్టిగా రాలేదు. బాలయ్య గోడకు జారగిలబడ్డాడు. "ఒరే, మీ అక్కతో సహా మేమంతా ఈ పక్కగదిలోనే పడుకుంటున్నాము గదరా!"

ఇన్‌స్పెక్టర్ మీసం మీది బూడిద కూడా దులుపుకోలేదు. "అంటే... నేను నిప్పు పెట్టించి ఉంటే..."

"అవ్వ మంచంతో సహా అందరమూ పోయేవాళ్ళం," అన్నాడు ఏసురత్నం. "సుత్తి వద్దు, ఇనుము వద్దు. చెక్క బద్దలతో తీయండి."

నాలుగు బండలూ మెల్లగా ఊడొచ్చాయి. వెనక గూట్లో, గోనె గుడ్డ చుట్టి, తగరపు డబ్బాలు వరసగా ఉన్నాయి. వాన కురిసిన వారంలో కూడా గోనె మీద చెమ్మ అంటలేదు. ఆ గూటి చుట్టూ ఓబులయ్య పూసిన తారు అంత బాగా పనిచేసింది.

"సరే, మందు దొంగ దొరికినాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఇంకా ఓడిపోవడం ఇష్టంలేక. "మరి కాటమరాజు? వాణ్ణి ఓబులయ్య చంపలేదని ఎవరు చెప్పాల?"

"ఆయనే చెబుతాడు." ఏసురత్నం వీధి వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "దిగన్నా, దిగు. రొట్టెలు తిన్నది చాలు."

జట్కా పరదా తొలగింది. కంబళి కప్పుకుని, మూతికంటిన మజ్జిగ తుడుచుకుంటూ కాటమరాజు దిగాడు.

పుష్పమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, ఆ రెండూ కలిసిపోయి ఎక్కిళ్ళు పట్టాయి.

"మేకల్ని వదిలి మేకల కాపరి పోడు గదా," అన్నాడు ఏసురత్నం. "దారిలో ఎవరి చేలో మేకలు పడ్డాయని అడుగుతూ పోయినా. కొనకనమిట్ల దాటినాక వాళ్ళ మామగారి దొడ్లో దొరికినాడు."

"మాల్యాద్రయ్యే పొమ్మన్నాడు సామీ!" అన్నాడు కాటమరాజు. "గనిలో మందు డబ్బాలు పోయినాయి, కాపలావోనివి నువ్వే, పోలీసులొస్తే నిన్నే పట్టుకుంటారు, తెల్లారేలోగా ఊరు దాటమన్నాడు. దాటినా. నేను పీనుగైనానని నాకేం తెలుసు?"

రంగమ్మ నవ్వు మంచం కిర్రుమనేలా వినబడింది.

"అన్నా," పుష్పమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని ఏసురత్నం ముందు నిలబడింది. గొంతులో కోపం దాచుకోలేదు. "ఆయన బతికుండాడని పొద్దున్నే తెలుసు నీకు. ఒక్క మాట నాకు చెప్పగూడదా? నా ప్రాణం ఎంత కొట్టుకున్నదో నీకేం తెలుసు?"

ఏసురత్నం తల దించుకున్నాడు. "నిజమే తల్లీ. కానీ మందు దొరక్కముందే కాటమరాజును చూపిస్తే, నీ మొగుడి బదులు ఈయన లాకప్పులో పడేవాడు. నీకు చెబితే నీ మొహమే చెప్పేసేది. చెప్పిన పని చేయగలవు గానీ, సంతోషం దాచగలవా నువ్వు?"

ఆమె ఆలోచించింది. తనవల్ల కాదు. ఇప్పుడే దాచలేకపోతోంది.

ఇన్‌స్పెక్టర్ ఎవరి మొహమూ చూడకుండా ఒక కానిస్టేబులును పిలిచాడు. "సైకిలు మీద పోయి ఆ ఓబులయ్యను వదిలిపెట్టమని చెప్పు."

"అన్నా, అన్నా!" పుష్పమ్మ కానిస్టేబులు వెనక గుమ్మం దాకా పరుగెత్తింది. "మా ఆయన్ను నేరుగా ఇంటికి పొమ్మను. మూడు దినాలైంది కడుపుకు తిని. పొయ్యి రాజేసి ఉంచమను, నేనొచ్చి ఎసరు పెడతా!"

సైకిలు మలుపు తిరిగింది. రంగమ్మ బియ్యం కొలిపించేసరికి అరగంట దాటింది. ఆమె పాపను ఎత్తుకుని, రంగమ్మ ఇచ్చిన బియ్యం మూట కట్టుకుంటోంది. లోపల కాటమరాజు డబ్బాలు లెక్కపెడుతున్నాడు. "ఇవి నాలుగే. గనిలో పోయినవి ఐదు సామీ."

"ఐదోది ఏది?" ఇన్‌స్పెక్టర్ మాల్యాద్రి జబ్బ పట్టుకున్నాడు.

మాల్యాద్రి తల తిప్పాడు. అతని చూపు పుష్పమ్మ చంకలోని పాప మీద ఉంది. ఆ మొహంలో, ఇందాక కుంపటిని చూసినప్పటి రంగే.

"పొయ్యి... రాజేయమన్నావా?" అన్నాడు పొడిగొంతుతో. "శుక్రవారం మీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు... సోదాలో దొరికితే వాని మీదికే పోతాదని... మీ పొయ్యి పక్కన సున్నపురాయి మూట ఉంది చూడు, దాని కిందనే..."

పుష్పమ్మ అతని మాట పూర్తి కానివ్వలేదు. బియ్యం మూట ఎక్కడ పడిందో తెలియదు. పాపను రంగమ్మ ఒళ్ళోకి దాదాపు విసిరి, జట్కా ఎక్కింది. పక్కన ఏసురత్నం. జట్కావాడు ఇంకా తేరుకోకముందే పగ్గాలు లాక్కుని ముందు కూర్చున్నది ఇన్‌స్పెక్టర్ మాలకొండయ్య.

"పట్టుకో పిల్లా!" అని అరిచాడు. గుర్రం ఎగిరినట్టే కదిలింది.

బజారు దాటింది. పలకల కొట్లు దాటాయి. బేల్దార్ల వీధి మలుపులో ఆమె తల బయటపెట్టి చూసింది. ఎదురింటి మీద పొగ. పక్కింటి మీద పొగ. తమ ఇంటి బోదగడ్డి కప్పు మీద...

పొగ లేదు.

ఇంకా లేదా? అగ్గిపుల్ల ఇప్పుడే గీస్తున్నాడా? ఆమె జట్కా ఆగకముందే దూకి, మోకాలు చెక్కుకుపోయినా లేచి, "వద్దు! పాప నాయనా! వెలిగించొద్దు!" అంటూ లోపలికి పడింది.

ఓబులయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, ఊదుగొట్టం పట్టుకుని, చెమటలు కక్కుతున్నాడు. చుట్టూ గీసి పారేసిన అగ్గిపుల్లలు.

"ఏందే ఈ కట్టెలు?" అన్నాడు విసుగ్గా, మూడు రోజుల తర్వాత పెళ్ళాన్ని చూసిన మాటే మరిచి. "కప్పు కారి అన్నీ నానిపోయినాయి. అగ్గిపెట్టంతా అయిపాయె, ఒక్కటి అంటుకోలే!"

పుష్పమ్మ అతని వీపు మీద రెండు చేతులతో బాది, అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఊళ్ళోవాళ్ళ గోడల్లోకి చుక్క దిగనీయని మనిషి, తన ఇంటి మీద చిల్లు మాత్రం ఏడాదిగా రేపు రేపని వాయిదా వేశాడు. ఎన్ని పోట్లాటలు పడింది దానికోసం!

"నవ్వులు ఆపండి," అన్నాడు ఏసురత్నం.

ఆయన సున్నపురాయి మూట మీద చెయ్యి పెట్టి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "కప్పు కారింది కట్టెల మీదే కాదు. ఈ మూట వేడిగా ఉంది."

ఓబులయ్య చూపు కప్పులో చిల్లు మీదికి, అక్కడినుంచి మూట మీదికి దిగింది. నీళ్ళు తగిలిన సున్నపురాయి ఎట్ల ఉడుకుతుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. గోనె సందుల్లోంచి సన్నటి ఆవిరి లేస్తోంది. "దాని కింద ఏముంది?" అన్నాడు.

"మందు," అంది పుష్పమ్మ.

ఎవరు ఎటు కదిలారో ఆమెకు తర్వాత సరిగా గుర్తులేదు. ఓబులయ్య మూట మీదికి దూకి, అరచేతులు చుర్రుమంటున్నా దాన్ని పక్కకు దొర్లించాడు. ఏసురత్నం కింద ఉన్న డబ్బా ఎత్తి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పొట్టకు అదుముకుని, బూట్లతో వాకిలి దాటి, సున్నం కలిపే తొట్టిలో దిగబడి, మోకాళ్ళ లోతు వాననీటిలో డబ్బాను ముంచి మూత తీసేశాడు. నల్లటి మందు నీళ్ళలో కలిసి, బుడగలు తేలి, చల్లారిపోయింది.

ఆయన అట్లాగే తొట్టిలో నిలబడ్డాడు. మీసం మీద బూడిద, మోకాళ్ళ దాకా సున్నపునీళ్ళు. కాసేపటికి, "ఏసురత్నం," అన్నాడు, "గుంటూరులో ఆ సాక్ష్యం..." అని ఆగిపోయి, "చెయ్యివ్వు, బయటికి లాగు" అన్నాడు. ఏసురత్నం చెయ్యిచ్చాడు.

లోపల పుష్పమ్మ, మొగుడి అరచేతుల మీద బొబ్బలకు కొబ్బరినూనె రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆ చేతులను మొహానికి ఆనించుకుంది. అదే పుల్లటి వాసన. బెల్లం, కరక్కాయ, సున్నం.

ఓబులయ్య తలెత్తి చిల్లులోంచి కనబడుతున్న ఆకాశం కేసి చూశాడు. మబ్బు మళ్ళీ కమ్ముకుంటోంది.

"రేపు పొద్దున్నే కప్పేస్తాలే," అన్నాడు.

"రేపు కాదు," అంది పుష్పమ్మ, నిచ్చెన లాగుతూ. "ఇప్పుడే ఎక్కు. బోద నేనందిస్తా."